వార్తల్లో పదం: టెలి మానస్

మనసు బాగోలేనప్పుడు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సాయం అందించే ప్రభుత్వ సేవ ఇది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు కేంద్రం ప్రారంభించింది. తెలుగు, హిందీ, ఒడియా సహా 20 భాషల్లో రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ముందు కౌన్సెలర్ వింటారు. అవసరమైతే సైకియాట్రిస్టుతో కలుపుతారు. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి కీలక కేంద్రం.

బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో దీని అవసరం ఎక్కువ. సింగరేణి పర్మినెంటు కార్మికుడికి కంపెనీ ఆసుపత్రి ఉంది. కానీ ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే ఓబీ (ఓవర్‌బర్డెన్) కాంట్రాక్టర్ల దగ్గర బీహార్, జార్ఖండ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చి డంపర్లు నడిపేవాళ్ల పరిస్థితి వేరు. రాత్రి షిఫ్టు దిగినవాడికి ఓపీ వేళంటే నిద్ర వేళ. పగటి షిఫ్టువాడు ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు మస్టరు పోతుంది. వెళ్లినా, గుండెలో గుబులు తెలుగులో చెప్పుకోలేడు. ఫోన్ ఈ మూడు అడ్డంకులనూ దాటిస్తుంది. కానీ నలుగురు పడుకునే క్యాంపు గదిలో నోరు విప్పడమెలా? మాట్లాడేందుకు చాటు కూడా కావాలి.

మానసిక వైద్యం పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రతి ఒక్కరి హక్కు. కాంట్రాక్టర్లూ, యూనియన్లూ ఈ నంబరును క్యాంపు గోడల మీద హిందీలోనూ రాయించాలి.