రహదారులు – ఉద్యానవనములు

క్రొత్త రహదారి వేయదలచిన ఇంజనీరు మొదట పటమును ముందు పరచుకొనును. ఇండ్లున్నచోట ఇంటివారికి పరిహారమీయవలెను. పొలములున్నచోట రైతులను ఒప్పింపవలెను. అంగళ్లున్నచోట వ్యాజ్యములు తప్పవు. అట్టి పటమున పచ్చని ఉద్యానవనమొకటి కనబడినచో అతని చూపు అచ్చట నిలుచుట సహజము. అది సర్కారు భూమి. అందు కాపురముండువారు లేరు, పరిహారము కోరువారు లేరు. రూపాయలలో లెక్కించినచో ఉద్యానవనము మీదుగా పోవు దారియే ఎల్లప్పుడును చౌక. మన పల్లెలలో పోరంబోకు నేలకును, చెరువు గర్భమునకును పట్టుచున్న గతియు ఇట్టిదే. అందరి సొత్తును గూర్చి అడుగువాడు ఒకడును ఉండడు.

ఈ చిక్కును న్యాయస్థానములు తేల్చవలసివచ్చిన సందర్భమొకటి అమెరికాలో జరిగినది. టెనెసీ రాష్ట్రమున, మిసిసిపి నదీతీరమున మెంఫిస్ నగరమున్నది. 1901లో ఆ నగరము ఓవర్టన్ పార్కునకై భూమి కొన్నది. వివాదము నాటికి ఆ పార్కు వైశాల్యము 342 ఎకరములు. అందు జంతుప్రదర్శనశాల, ఆరుబయలు రంగస్థలము, గోల్ఫు మైదానము, కాలిబాటలు, వీనికి తోడు సుమారు 170 ఎకరముల అడవి ఉండెను. ఊరి నడుమ అంతటి అడవి మిగులుట అరుదు. 40వ అంతర్రాష్ట్ర రహదారిని ఆరు వరుసల మార్గముగా ఈ పార్కు గుండ తీసికొనిపోవుటకు 1956లోనే కేంద్రప్రభుత్వపు రహదారుల కార్యాలయము సమ్మతించెను.

రహదారికి కావలసినది 26 ఎకరములు. అనగా పదమూడింట ఒక వంతు. ఇంత స్వల్పమునకు ఇంత గొడవ యేల యని అడిగినవారున్నారు. ప్రశ్న సబబుగానే తోచును. కాని అడవి విషయమున విస్తీర్ణపు లెక్క మోసపుచ్చును.

కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు గల చదరపు అడవి నొకదానిని ఊహింపుడు. దాని వైశాల్యము 100 హెక్టారులు. వెలుపలి ఎండ, గాలి, చప్పుడు అంచునుండి 100 మీటర్ల లోపలివరకు చొచ్చుననుకొందము. అప్పుడు నిజమైన లోపలి అడవి 64 హెక్టారులు. నట్టనడుమ 40 మీటర్ల వెడల్పున రహదారి వేసితిమా, అది మ్రింగిన నేల 4 హెక్టారులు మాత్రమే. కాని రెండు క్రొత్త అంచులు పుట్టినవి. మిగిలిన రెండు ముక్కలలోని లోపలి అడవిని లెక్కించినచో 45 హెక్టారులకు మించదు. వందకు నాలుగు వంతుల నేల తీసికొని, లోపలి అడవిలో వందకు ముప్పది వంతులను పోగొట్టితిమన్నమాట. ఈ లెక్క కాగితముపై వేసికొని చూడవలసినదిగా శ్రోతలను కోరుచున్నాను. ఓవర్టన్ పార్కున ఇంకొక నష్టము కూడ కలదు: ఆ మార్గము జంతుప్రదర్శనశాలను తక్కిన పార్కునుండి వేరు చేయును.

1966లో అమెరికా శాసనసభ రవాణాశాఖను నెలకొల్పుచు, ఆ చట్టమున ఒక నిబంధన చేర్చినది. ఆచరణసాధ్యమును వివేకయుక్తమును అగు వేరొక మార్గమున్నంతవరకు పార్కు భూమిని రహదారికి వాడుటకు రవాణాశాఖాధిపతి అనుమతింపరాదు. వేరు మార్గము లేనిచో, హాని తగ్గించుటకు చేయదగినదంతయు చేయవలెను. అయినను 1968లోను 1969లోను ఆ శాఖ పాత మార్గమునకే ఆమోదమిచ్చెను. వేరు దారి ఏల కుదరలేదో కారణములు వ్రాయలేదు. పౌరసంఘమొకటి కోర్టుకెక్కినది. క్రింది కోర్టులు రెండును వారికి వ్యతిరేకముగా తీర్పు చెప్పినవి.

1971 మార్చి 2వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పులను త్రోసివేసెను. న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ వ్రాసిన తీర్పులోని తర్కము సరళమైనది. ఖర్చు, దారి సూటిదనము, ఇండ్లు కూలకుండుట – ఈ మూడును ఎల్లప్పుడును పార్కు మీదుగా పోవుటకే అనుకూలించును. వీనిని పార్కుతో సమానముగా తూచవలెనన్నచో చట్టమే అక్కరలేదు. కావున పార్కు రక్షణకు అగ్రస్థానమీయవలెను. ఖర్చుగాని కష్టముగాని అసాధారణమైనప్పుడే మినహాయింపు. సమతూకమను మాటను మనము తేలికగా వాడుదుము. ఒక పళ్లెమున బరువు వేయువారే లేనప్పుడు త్రాసు ఎట్లు నిజము చెప్పును?

సుప్రీంకోర్టు రహదారిని నిషేధింపలేదు. మరల విచారింపుమని మాత్రమే పంపెను. వేరు దారి లేదని తాను చెప్పజాలనని 1973లో రవాణాశాఖాధిపతి ప్రకటించెను. సొరంగము త్రవ్వు ఆలోచనయు సాగినది గాని, దాని ఖర్చు భయపెట్టినది. తుదకు 1981లో ఆ మార్గమును విరమించుకొనిరి. నగరమునకు ఉత్తరముగా చుట్టివచ్చు దారికే 40వ సంఖ్య నిచ్చిరి.

ఈ కథలో విజయోత్సవమునకు తావు తక్కువ. పార్కునకు వెలుపల, రహదారి వచ్చునన్న నమ్మకముతో, అప్పటికే అనేక గృహములను కొని కూలద్రోసియుండిరి. రాని రహదారి కొరకు ఇల్లు విడిచినవారి నష్టమును ఏ తీర్పును పూడ్చలేదు. మార్గమును నిశ్చయించిన పిదప గాక, పటము గీయునాడే పార్కును గూర్చి అడిగియుండినచో ఆ ఇండ్లు కొన్నియైనను నిలిచెడివేమో.

మన హైదరాబాదులోని కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనము 1998లో జాతీయోద్యానమైనది. దాని చుట్టును పైవంతెనలు కట్టదలచినప్పుడు, నరకబడు వృక్షములను గూర్చి 2016లో పౌరులు అభ్యంతరము తెలిపిరి. అచ్చటి వాదములోను ఒక ప్రక్క వాహనముల రద్దీ, ఒక ప్రక్క అంచున నున్న చెట్లు. రద్దీని నిమిషములలో లెక్కింపవచ్చును. చెట్టునీడకు అట్టి కొలత దొరకదు.

మెంఫిస్‌లో ఇండ్లు కూల్చిన ఖాళీస్థలములలో తరువాతి కాలమున మరల ఇండ్లు వెలసినవి. ఓవర్టన్ పార్కు అడవిలో 126 ఎకరములను 2011లో టెనెసీ రాష్ట్రము రక్షిత ప్రకృతి ప్రదేశముగా ప్రకటించినది.