మడ్డికి కాటా లెక్క ఒకటి, ఈస్టు లెక్క మరొకటి

నిజామాబాద్: చెరకు మడ్డి బేరంలో కాటా మీద తేలేది బరువు. డిస్టిలరీ తొట్టిలో తేలేది అందులోని చక్కెర. ఈ రెండింటి మధ్య గల తేడాలోనే లాభనష్టాలున్నవి. కంఠేశ్వర్‌లో కూర్చుని బేరం కుదిర్చే దలాలుకైనా, బోధన్ దారిన సరకు తోలే వర్తకునికైనా ఆ తేడా అంతుపట్టాలంటే ఈస్టు కణం చేసే పని తెలిసివుండాలి.

మంజీరపై నిజాంసాగర్ 1931లో పూర్తయిన తరువాత ఈ ప్రాంతంలో చెరకు సాగు విస్తరించింది. 1930ల చివర బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. టన్ను చెరకు ఆడితే సుమారు 40 నుంచి 45 కిలోల మడ్డి మిగులుతుంది. పంచదార పలుకులు ఇక కట్టని ఆ మడ్డిలోనూ బరువులో దాదాపు సగం వరకు చక్కెరలే.

అందులో ఎక్కువ భాగం సుక్రోజు. ఈస్టు కణం గోడ వద్ద ఉండే ఇన్వర్టేజు అనే ఎంజైము దానిని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. అవి లోపలికి చేరిన పిదప పది మెట్లలో పని సాగుతుంది. మార్కెట్ యార్డులో హమాలీ, కాటాదారు, గుమాస్తా ఎవరి పని వారు చేసినట్లే ఇక్కడ మెట్టుకొక ఎంజైము. చివరకు ఒక్కో గ్లూకోజు అణువు రెండు పైరువేటు అణువులవుతుంది. వాటి నుంచి ఒక ఎంజైము బొగ్గుపులుసు వాయువును విడదీస్తే, మరొకటి మిగిలినదానిని ఆల్కహాలుగా మారుస్తుంది. గ్లూకోజు అణువొక్కింటికి ఈస్టుకు దక్కే కూలి రెండు ఏటీపీ అణువుల శక్తి మాత్రమే.

ఈ పనికి బతికిన కణమే ఉండనక్కరలేదని 1897లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ బుఖ్నర్ కనుగొన్నాడు. ఈస్టును నూరి పిండిన రసం చెడకుండా చక్కెర కలపగా, ఆ రసమే పొంగసాగింది. ఆయనకు 1907లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక వ్యాపారపు లెక్క. 100 కిలోల గ్లూకోజు పూర్తిగా పులిస్తే వచ్చేది సుమారు 51 కిలోల ఆల్కహాలు, 49 కిలోల వాయువు. ఆ ఆల్కహాలు దాదాపు 65 లీటర్లు. ఎంత మంచి ఈస్టయినా ఇంతకు మించి ఇవ్వదు. ఆచరణలో మరికొంత తరుగు తప్పదు. టన్ను మడ్డిలో పులిసే చక్కెర ఒక్క శాతం తగ్గితే ఆరున్నర లీటర్లు పోయినట్లే. 10 టన్నుల ట్యాంకరులో 50 శాతానికి బదులు 45 శాతమే ఉంటే కాటా చీటీ మారదు గాని, సుమారు 320 లీటర్ల ఆల్కహాలు తగ్గుతుంది.

చక్కెర తరుగు పొలంలోనే మొదలవుతుంది. చెరకులోనూ ఇన్వర్టేజు ఉన్నది. నరికిన గడ ఎండలో నిలిచేకొద్దీ సుక్రోజు విరుగుతుంది; విరిగిన చక్కెర పలుకు కట్టదు. 2015 డిసెంబరులో బోధన్ మిల్లు మూతపడిన తరువాత రైతులు చెరకును దూరపు మిల్లులకు తోలవలసి వచ్చింది. దారిలో గడిచే పూట పూటకూ ఈ నష్టం పెరుగుతుంది.

నిలవలోనూ జాగ్రత్త అవసరం. మడ్డి చిక్కగా ఉన్నంతకాలం అందులో ఈస్టు పెరగలేదు. ట్యాంకులోకి వాననీరు దిగితే పైపొర పలుచబడి పులుస్తుంది. 40 డిగ్రీలకు మించిన వేడిలో ఎక్కువకాలం ఉంచితే కొంత చక్కెర ఈస్టుకు పనికిరాని పదార్థాలుగా మారుతుంది. వానాకాలంలో చెమర్చిన బెల్లం దిమ్మెకు పులుపు వాసన రావడానికీ కారణం తేమే.

2018 జాతీయ జీవ ఇంధన విధానం చెరకు రసం నుంచి, పంచదార పూర్తిగా తీయని బి-హెవీ మడ్డి నుంచి కూడా ఇథనాల్ తయారీకి దారి తెరిచింది. 2025లో పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. కనుక మడ్డి అన్న ఒక్క పేరుతోనే వేర్వేరు సరుకులు బేరానికి రావచ్చు. ధర చెప్పకముందు వర్తకుడు అడగవలసినవి మూడు: పులిసే చక్కెర ఎంత శాతం? సరకు ఎన్నాళ్ళ నిలవ? ట్యాంకుకు కప్పు గట్టిదేనా?