ఎండకు ఏ గొడుగు?

మే నెలలో రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్తున్నారా? వానగొడుగు నీడనిస్తుంది. కానీ బట్ట పల్చనైతే, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు దారాల సందుల్లోంచి దూరిపోతాయి. గొడుగు విప్పి ట్యూబ్‌లైటు కింద పట్టండి. వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ఎండకు చాలదు.

గొడుగు చీటీ మీద 'యూపీఎఫ్ 50' ఉంటే, ఆ కిరణాల్లో నూటికి రెండే బట్ట దాటుతాయని అర్థం. పైన వెండిరంగు పూత ఎండను తిప్పికొడుతుంది. లోపల మాత్రం నలుపే మేలు! ఎందుకంటే, సిమెంటు నేల మీద పడ్డ ఎండ పైకి లేచి గొడుగు లోపలివైపు తగులుతుంది. అక్కడ తెలుపుంటే మళ్లీ మన ముఖం మీదికే పంపుతుంది, నలుపైతే చాలావరకు పీల్చేసుకుంటుంది.

కిరణాలు పక్కల నుంచీ వస్తాయి కాబట్టి టోపీ, సన్‌స్క్రీన్ మానొద్దు. రైడ్ ఎక్కేముందు బ్యాగులో పెట్టేయడానికి మూడు మడతల గొడుగు తీసుకోండి. క్యూలో దాని ఊచలు పక్కవాళ్ల కళ్లకు తగలకుండా చూసుకోండి.