మౌంటెన్ మెడోస్ హత్యాకాండము : శిలాశాసనముల సాక్ష్యము

శాసనమును జదువు పరిశోధకుఁడు రెండు ప్రశ్నలు వేసికొనవలసియున్నది. అందేమి చెప్పఁబడినది యనునది మొదటిది. చెక్కించినవారెవరు, వారేమి చెప్పక విడిచిరి యనునది రెండవది. ఒక్కొక్కప్పుడు రెండవ ప్రశ్నయే చరిత్రము నెక్కువగాఁ దెలుపును.

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని యూటా దక్షిణభాగమున మౌంటెన్ మెడోస్ అను పచ్చిక లోయ గలదు. 1857వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన నచ్చట సుమారు 120 మంది ప్రయాణికులు చంపఁబడిరి. ఈ వాక్యము సత్యమే గాని యిందుఁ గర్తపదము లేదు. ఆ లోయలో నిలిపిన స్మారకశిలలు పెక్కింటియందును, ఆ ప్రాంతపు జనుల మాటలయందును, నూఱేండ్లకుఁ బైగా ఈ లోపమే కానవచ్చుచున్నది. ఆ కర్తపదము మరుగుపడిన విధమును, మరల వెలికివచ్చిన క్రమమును దెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట జరిగిన సంగతి. ఆర్కన్సా రాష్ట్రమునుండి కాలిఫోర్నియాకుఁ బోవు కుటుంబములు, బేకరు, ఫాంచరు అను నాయకుల వెంట, బండ్లతోడను బశువులతోడను యూటా మీఁదుగాఁ బయనించుచుండెను. అప్పుడు యూటా యంతయు బ్రిగహామ్ యంగు నాయకత్వమున మార్మను మతస్థుల వశమున నుండెను. వారు పూర్వము మిస్సోరీ, ఇల్లినాయి రాష్ట్రములనుండి తఱుమఁబడినవారు. 1838లో మిస్సోరీలోని హాన్సు మిల్లు కడ వారిలో 17 మంది హతులైరి. 1844లో వారి ప్రవక్త జోసెఫ్ స్మిత్‌ను అల్లరిమూఁక కాల్చి చంపెను. 1857 మే నెలలో వారి యపొస్తలుఁడు పార్లే ప్రాట్ ఆర్కన్సాలోనే హత్యకు గుఱియయ్యెను. ఆ వేసవిలోనే అధ్యక్షుఁడు బుకానన్ యూటాపైకి సేనను బంపుచున్నాఁడను వార్త వచ్చెను. భయమును, పాతగాయముల బాధయు, మతావేశమును ఆ కొండసీమను గ్రమ్ముకొనియుండెను. ఇవి జరిగినదానికిఁ గారణములను దెలుపునే కాని దోషమును దొలఁగింపజాలవు. ఏలయన హతులైన కుటుంబములు మార్మనులను దఱిమిన మూఁకలోనివారని చూపు నాధారము లేదు.

సెప్టెంబరు 7వ తేదీన లోయలో విడిసియున్న బిడారుపై దాడి జరిగెను. సెడార్ సిటీలోని మతాధికారియు, స్థానికసేనలో మేజరునగు ఐజాక్ హెయిట్, జాన్ డి. లీ మొదలగువారు పైయూటు జాతివారిలోఁ గొందఱను బ్రేరేపించి తోడు తెచ్చుకొనిరి. ప్రయాణికులు బండ్లను జుట్టుగా నిలిపి, గోతులు త్రవ్వుకొని, నీటికిఁ గటకటపడుచు నైదుదినములు నిలిచిరి. ఈలోఁగా, దాడిలో దెల్లవారును గలరని బిడారువారు గ్రహించిరి. వారు కాలిఫోర్నియా చేరి యీ సంగతి చెప్పినచో నేమగునను భయము నాయకులకుఁ గలిగెను. చెప్పఁగలవారెవ్వరు మిగులరాదని వారు నిశ్చయించిరి. కర్తపదమును మరుగుపఱచుటకే యీ వధ జరిగెనని యనవచ్చును.

11వ తేదీన లీ తెల్లజెండాతోఁ బోయి, ఆయుధములు విడిచినచో సురక్షితముగాఁ గొనిపోదుమని మాట యిచ్చెను. వారు నమ్మిరి. పసిబిడ్డలను, గాయపడినవారిని బండ్లలో ముందు నడిపిరి. వెనుక స్త్రీలు, బాలురు. కడపట ఒక్కొక్క పురుషుని ప్రక్క నొక్కొక్క సాయుధుఁడు. సంకేతము వినఁబడఁగానే వధ ప్రారంభమయ్యెను. జరిగినది చెప్పలేని వయసువారని యెంచి 17 మంది పిల్లలను మాత్రము విడిచిరి. పశువులను, సామగ్రిని బంచుకొనిరి. 7వ తేదీననే హెయిట్ బ్రిగహామ్ యంగు సలహా గోరి జేమ్స్ హాస్లమ్ అను రౌతును సాల్ట్ లేక్ నగరమునకుఁ బంపియుండెను. ప్రయాణికుల జోలికిఁ బోక పోనిండను ప్రత్యుత్తరము 10వ తేదీన బయలుదేఱి 13వ తేదీన సెడార్ సిటీకిఁ జేరెను. అప్పటికి రెండుదినములు మించిపోయెను.

ఇఁక వ్రాతల చరిత్రము. 1857 నవంబరులో లీ యంగునకుఁ బంపిన నివేదికలో దోషమంతయు నాదిమవాసులపై మోపఁబడెను. పైయూటులకు లిపి లేదు, పత్రికలు లేవు, న్యాయస్థానములలోఁ బలుకుబడి లేదు. కాఁబట్టి వారి పేరు నా వాక్యమునఁ గర్తగా నిలుపుట మిక్కిలి సులభమయ్యెను. ఆ రోజు వారిలో నెందఱుండిరి, ఏమి చేసిరి యనునది నేఁటికిని జర్చనీయమే. యోచనయు, ఆజ్ఞయు వారివి కావనుట మాత్రము నిశ్చయము.

1859 మే నెలలో మేజరు జేమ్స్ కార్ల్‌టన్ సైనికులతో వచ్చి, లోయలోఁ జెల్లాచెదరై పడియున్న యెముకలను బూడ్పించి, రాళ్లగుట్ట పేర్చి, దానిపై దేవదారు సిలువను నిలిపించెను. అచ్చటి పలకపై హతుల సంఖ్యయు, వారు ఆర్కన్సావారనియు, క్రూరముగాఁ జంపఁబడిరనియుఁ జెక్కఁబడెను. చంపినవారి పేరు లేదు. కార్ల్‌టన్ ప్రభుత్వమునకు వ్రాసిన నివేదికలో మాత్రము మార్మనులే కర్తలని స్పష్టముగాఁ జెప్పియున్నాఁడు. ఆ గుట్ట 1861లో యంగు దర్శనకాలమునఁ బడఁగొట్టఁబడెను. 1864లో సైనికులు మరల నిలిపిరి.

పిమ్మట న్యాయవిచారణ వచ్చెను. 1874లో తొమ్మండుగురిపై నేరము మోపఁబడెను. 1875లో లీ మొదటి విచారణయందు జూరీ యేకీభవింపలేదు. 1876లో నతఁడు దోషిగా నిర్ణయింపఁబడెను. 1877 మార్చి 23వ తేదీన నాలోయలోనే యతనిని గాల్చి చంపిరి. శిక్ష పొందినవాఁ డతఁ డొక్కఁడే. లీ నిరపరాధి కాఁడు. కాని పెక్కుర పాపమును మోయుట కొక్కని నెన్నుకొనిరి. 1932లో నమర్చిన ఫలకము దీనికి సాక్ష్యము. తెల్లవారును, ఇండియనులును దాడి చేసిరని యందుఁ గలదు. వ్యక్తులలో నేరస్థుఁడుగాఁ బేర్కొనఁబడినవాఁడు లీ యొక్కఁడే.

ఈ మౌనమును భేదించినది జువానీటా బ్రూక్స్ (1898–1989) అను ఉపాధ్యాయిని. ఆమె మార్మను స్త్రీ. ఆమె పితామహులలో నొకఁడగు డడ్లీ లీవిట్ ఆ వధ నాఁడు లోయలో నుండినవాఁడు. ఆమె యౌవనమున నీఫై జాన్సన్ అను వృద్ధుఁడు తాను చూచినదానిని వ్రాసికొమ్మని యామెను గోరెను. పని యొత్తిడివలన నామె యాలస్యము చేసెను. 1919లో నామె వచ్చునప్పటికి వృద్ధుఁడు మరణశయ్యపై రక్తము, రక్తమని పలవరించుచుండెనఁట. చెప్పఁబడక పోయిన యా మాట యామెను విడువలేదు. ఉత్తరములు, దినచర్యలు, ప్రమాణవాఙ్మూలములు వెదకి, 1950లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా నామె తన గ్రంథమును బ్రకటించెను. స్థానిక మతాధికారులును, సేనాధికారులును వధకుఁ గర్తలని యామె చూపెను. యంగు వధ నాజ్ఞాపింపలేదనియు, తెలిసిన పిమ్మట దోషులను గాపాడెననియు నామె సిద్ధాంతము. యంగే కారకుఁడని 2002లో విల్ బాగ్లీ వాదించెను. ఆ వివాదము ముగిసినదనరాదు. ఆమె మతము విడువలేదు; సత్యమును విడువలేదు. 1961లో సంఘము లీ సభ్యత్వమును బునరుద్ధరించుటకు నామె కృషి తోడ్పడెను.

అయినను శిలలు వెంటనే మాఱలేదు. 1990లో కొండపై నిలిపిన పెద్ద శిలపై హతుల పేళ్లు చెక్కఁబడెను. ఇది గొప్ప మేలు. అంతవఱకు సంఖ్యగా నుండినవారు మనుష్యులైరి. కాని బిడారు దాడికి గుఱియయ్యెనని మాత్రమే యందున్నది. దాడి చేసినవారి ప్రసక్తి లేదు. ఉభయపక్షముల వంశీయులు నొక్కచోఁ గూడుటకై కర్మణిప్రయోగమును శరణు జొచ్చిరని తోఁచుచున్నది. 1999 ఆగస్టులో గుట్టను బునర్నిర్మించుటకై త్రవ్వునపుడు కనీసము 28 మంది యస్థులు బయల్పడెను. శిల చెప్పనిదానిని నేల చెప్పెను. ఆ సెప్టెంబరులో స్మారకమును బ్రతిష్ఠించిన సంఘాధ్యక్షుఁడు గోర్డన్ హింక్లీ, ఈ కార్యమును సంఘముయొక్క దోషాంగీకారముగా గ్రహింపరాదని పలికెను.

2007 సెప్టెంబరు 11వ తేదీన, నూటయేఁబదియేండ్లు నిండిననాఁడు, హెన్రీ ఐరింగ్ సంఘపక్షమున నాలోయలోఁ బ్రకటనమును జదివెను. వధకు స్థానిక సంఘనాయకులును, వారి యాజ్ఞ ననుసరించిన సభ్యులును బాధ్యులని యందుఁ జెప్పఁబడెను. పైయూటులు చిరకాలము అన్యాయముగా నిందను మోసిరనియు, అందులకు విచారించుచున్నామనియు వేఱుగాఁ బేర్కొనఁబడెను. 2008లో సంఘపు దస్తావేజుల నాధారముగాఁ గొని వాకరు, టర్లీ, లెనార్డ్ అను మార్మను చరిత్రకారులు మువ్వురు విపులమగు గ్రంథమును వెలువరించిరి. 2011లో నాస్థలము జాతీయ చారిత్రకస్థలముగాఁ బ్రకటింపఁబడెను.

ఈ చరిత్రమునఁ బరిశోధకులు గ్రహింపవలసిన విషయ మొకటి గలదు. పశ్చాత్తాపమనఁగా దుఃఖమును బ్రకటించుట మాత్రము కాదు. 1859 మొదలు ప్రతి శిలయు నేదో విధముగ దుఃఖించుచునే యున్నది. వాక్యమునఁ గర్తను సరియైన స్థానమున నిలుపుట మొదటి కార్యము. అన్యాయముగా నచ్చట నిలుపఁబడినవారిని దొలఁగించుట రెండవది. ఇందు రెండవదానికే యెక్కువ కాలము పట్టినది. నింద మోసిన పైయూటులలోఁ బెక్కుతరములవారు ఆ ప్రకటనమును వినకయే గతించిరి. గ్రంథములును, శాసనములును బరిశీలించువారు కర్తృపదలోపమును వ్యాకరణవిషయముగా మాత్రమే యెంచక, దానివెనుక నెవరు దాఁగియున్నారో, ఎవరు నింద మోయుచున్నారో విచారించుట తమ విధిగాఁ దలంచుదురు గాక.