కుంట నిలవాలంటే మట్టి నిలవాలి

మన బేరిగై వైపు కుంట అన్న మాట తెలియని ఇల్లు ఉండదు. నాలుగు వానలకు నిండి, ఎండలు ముదిరితే ఎండిపోయేది కుంట. ఏడాదంతా నీరుండదు గనుక దానిని ఎవరూ అంతగా లెక్కచేయరు. కాని అడవిలోని కుంటకూ, మన చేలోని రాగి వెన్నుకూ చాలా దగ్గరి సంబంధమున్నది.

బేరిగైకి దక్షిణంగా శూలగిరి. అక్కడికి చేరువలోనే సానమావు అడవి. ఇంకా దక్షిణానికి పోతే డెంకణికోట, అంచెట్టి అడవులు కావేరిదాకా వ్యాపించి ఉన్నవి. ఈ వైపు అడవులలో సుమారు 504 చదరపు కిలోమీటర్ల మేర 2014లో ఉత్తర కావేరి వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటింపబడినది. ఏటేటా రాగి పండే రోజులలో కర్ణాటకలోని బన్నేరుఘట్ట వైపునుండి ఏనుగుల మందలు ఈ అడవులకు వస్తవి. కొన్ని సానమావు దాటి శూలగిరి, బేరిగై పొలాలదాకా వచ్చిన సందర్భాలున్నవి. 1980లలో హోసూరు, ఆనేకల్ వైపు అడవులనుండి కొన్ని మందలు చిత్తూరు జిల్లాకు తరలిపోగా, అక్కడ 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడినది.

ఏనుగు నడక మేతకొరకు, నీటికొరకు. పెద్ద ఏనుగుకు రోజుకు నూరు లీటర్లకు పైగా నీరు కావాలి. వానలు వెనుకబట్టిన తరువాత ఆ నీటిని కొంతకాలం అందించేవి బండలమీది దొనలు, పల్లాలలోని కుంటలు. వాటినే నమ్ముకొని బ్రతికే చిన్న ప్రాణులూ ఉన్నవి. కొన్ని జాతుల కప్పలు ఎండాకాలమంతా నేలలో దాగి, తొలకరికి పైకి వచ్చి కుంటలో గ్రుడ్లు పెట్టుతవి. ఎండే కుంటలో పెద్ద చేపలు నిలువలేవు గనుక కప్పపిల్లలకు ప్రాణభయం తక్కువ. రొయ్యను పోలిన కొన్ని చిన్న పురుగుల గ్రుడ్లు ఎండిన బురదలో ఏండ్ల తరబడి చెడకుండా ఉండి, నీరు తగలగానే పొదుగుతవి. కాబట్టి కుంట ఎండటం చెడుగు కాదు. అకాలంలో ఎండటమే చెడుగు.

అందుకు ముఖ్యకారణం నేల కోత. పెద్ద వానచినుకు గంటకు సుమారు ముప్పది కిలోమీటర్ల వేగంతో నేలను కొట్టుతుంది. గడ్డి, రాలిన ఆకు ఉన్నచోట ఆ దెబ్బను అవి భరిస్తవి. నిప్పు పడి గడ్డి కాలినచోట, పశువులు మితిమీరి మేసినచోట, లంటానా కంప కమ్ముకొని గడ్డిని చంపినచోట ఆ రక్షణ ఉండదు. చినుకు దెబ్బకు మట్టి మెత్తని పొడియై నేల రంధ్రాలను మూస్తుంది. ఇంకవలసిన నీరు ఇంకక పరుగెత్తుతుంది. మొదట సన్నని చాళ్లు, తరువాత లోతైన వంకలు పడుతవి. బండమీద పలుచగా పరచుకొన్న ఎర్రమట్టి మన నేలది. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం పోయినా అయిదు టన్నుల పైచిలుకు మట్టి పోయినట్లే.

ఆ మట్టి చేరేది కుంటకే. ఎండాకాలంలో రోజుకు అయిదు మొదలు ఎనిమిది మిల్లీమీటర్ల నీరు ఆవిరిగా పోతుంది. ఈ లెక్కన కుంటలో జానెడు పూడిక పడితే, సుమారు నెలనాళ్ల నీరు తగ్గినట్లే. ఏనుగులు పొలాలకు రావడానికి ఇదొక్కటే కారణమని అనరాదు. రాగి రుచికూడ వాటిని లాగుతుంది. అయితే అడవిలో నీరు ముందే అయిపోతే, అవి ఊరి చెరువు దారి పట్టక తప్పదు. ఆ దారిలో కావలికి పోయిన రైతులు ప్రాణాలు పోగొట్టుకొన్నారు. కరెంటు తీగ తగిలి ఏనుగులూ చచ్చినవి. వాటిని ఆపుటకు త్రవ్విన కందకాలుకూడ వాన కోతకు ఒరిగి, మట్టితో పూడిపోతున్నవి.

బోరు వేసి కుంటలను ఏడాదంతా నింపితే సరిపోదా అని కొందరికి తోచవచ్చును. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ వనంలో 1930లనుండి అటువంటి బోర్లు ఎన్నో వేశారు. మృగాలు ఒకేచోట చేరి చుట్టుపట్ల గడ్డినంతా తొక్కివేయగా, 1990లనుండి వాటిలో చాలా మూసివేయవలసి వచ్చినది. కరువునాడు తొట్టిలో నీరు పోయటం వేరు. కుంట స్వభావాన్నే మార్చటం వేరు.

చేయవలసినది కుంటకు ఎగువన ఉన్నది. వంక చిన్నదిగా ఉన్నప్పుడే అడ్డంగా రాళ్లు పేర్చితే నీటి వేగం తగ్గి మట్టి ఆగుతుంది. గడ్డికి నిప్పు పెట్టరాదు. పూడిక తీసేటప్పుడు అడుగున నీటిని నిలిపే బంకమట్టిని పెకలించరాదు. అడవిలో ఈ పనులు అటవీశాఖవారివి. మన చేలలోను, ఊరి కుంటలలోను మనవి. చెరువు మట్టిని చేనికి తోలుకొనే వాడుక మన పెద్దలకు ఉండనే ఉన్నది. వాలుకు అడ్డంగా దున్ని, గట్ల మీద గడ్డి పెంచినా ఎంతో మట్టి నిలుస్తుంది. రానున్న వానలకు ముందే మన కుటుంబాలవారు తమ గట్లను ఒకసారి చూచుకొందురుగాక.