హాకీ సిమ్ లీగ్‌లో జీతాల పంచాయితీ: సగటు తీస్తే న్యాయం జరిగినట్టేనా?

గేమింగ్ ల్యాప్‌టాప్ కొనకుండా సీరియస్‌గా ఏం ఆడొచ్చు అని ఎవరైనా అడిగితే, నేను మొదట హాకీ మేనేజ్‌మెంట్ సిమ్‌ల పేరే చెప్తాను. 'ఫ్రాంచైజ్ హాకీ మేనేజర్'లో ఎక్కువ భాగం మెనూలు, పట్టికలే. ఆఫీస్ ల్యాప్‌టాప్ చాలు. అసలు మజా మాత్రం ఆన్‌లైన్ లీగ్‌లో ఉంటుంది. అక్కడ ప్రతి టీముకీ ఒక మనిషి జనరల్ మేనేజర్, అందరి మీదా ఒక కమిషనర్.

నేను ఆడే లీగ్‌లో జీతాల ఆర్బిట్రేషన్ స్క్రిప్ట్ రాసే పని నాకు పడింది. కోడింగ్ వచ్చు కదా అని ఇచ్చేశారు. నేనూ ఈజీ అనుకున్నా. టీము ఒక అంకె చెప్తుంది, ఆటగాడి డిమాండ్ గేమ్ చెప్తుంది, రెండూ కలిపి రెండుతో భాగిస్తే అయిపోయె. ఆ ఒక్క లైను రెండు సీజన్లలో లీగ్‌ని దాదాపు మూసేయించింది.

అసలు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏం జరుగుతుంది?

ఐపీఎల్ వేలంలో రేటు తేల్చేది పోటీ. ప్యాడిల్ ఎత్తేవాళ్లు ఎంతమంది ఉంటే అంత పెరుగుతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో కుర్ర ఆటగాడికి ఆ సౌకర్యం ఉండదు. కాంట్రాక్ట్ అయిపోయినా హక్కులు పాత టీము దగ్గరే ఉంటాయి. అలాంటివాళ్లని రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్లు అంటారు. అందుకే వాళ్లకి ఆర్బిట్రేషన్ దారి ఇచ్చారు. అదీ అందరికీ కాదు: 18-20 ఏళ్ల మధ్య మొదటి కాంట్రాక్ట్ చేసినవాడికి 4 ఏళ్ల ప్రొఫెషనల్ అనుభవం ఉండాలి, 24 దాటాక చేసినవాడికి ఒక్క ఏడాది చాలు.

2023లో బోస్టన్ గోలీ జెరెమీ స్వేమన్ 4.8 మిలియన్ డాలర్లు అడిగాడు. టీము 2 మిలియన్ అంది. తీర్పు 3.475 మిలియన్. అదే వేసవిలో టొరంటో గోలీ ఇల్యా సామ్సోనోవ్ 4.9 అడిగితే టీము 2.4 అంది. తీర్పు 3.55. రెండూ చూడండి, సగటుకి ఎంత దగ్గరో. "చూశారా, వాళ్లూ సగటే తీస్తున్నారు" అనుకునే నేను ఆ లైను రాశాను. తప్పు అక్కడే జరిగింది.

సగటులో ఉన్న బగ్

స్వేమన్ అంకెలే తీసుకుందాం. టీము 2 అంటే సగటు 3.4. అదే టీము సిగ్గు వదిలేసి 0.8 అంటే సగటు 2.8కి పడిపోతుంది. అంటే అబద్ధం ఎంత పెద్దదైతే అందులో సగం జేబులోకి వస్తుంది. మా లీగ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. రెండో సీజన్‌కల్లా సగం మంది మేనేజర్లు స్టార్ ఆటగాడికి కూడా లీగ్ కనీస జీతమే ఆఫర్ చేశారు. నిజాయితీగా అంకె ఇచ్చినవాళ్లే నష్టపోయారు. వాళ్లలో ఇద్దరు లీగ్ వదిలి వెళ్లిపోయారు.

నిజం ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆర్బిట్రేటర్ కాలిక్యులేటర్ కాదు. ఆటగాడి గణాంకాలు, గాయాలు, టీము గెలుపులో అతని పాత్ర, అతనితో పోల్చదగిన ఆటగాళ్ల జీతాలు చూస్తాడు. పోలికలోనూ రూల్ ఉంది: బహిరంగ మార్కెట్‌లో అన్‌రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్‌గా చేసుకున్న కాంట్రాక్టులు చూపించకూడదు. టీము జీతాల పరిమితికి దగ్గరపడింది అనే వాదనా చెల్లదు. పిచ్చి అంకె చెప్తే దానికి ఆధారం చూపించాలి. అందుకే అక్కడ సగటు చుట్టూ తీర్పులొచ్చినా ఆట పాడవదు.

మేం ఎలా ఫిక్స్ చేశాం

మొదటిది, పోలిక. అదే పొజిషన్‌లో, దగ్గర వయసులో, అంతే స్థాయిలో ఆడిన 5 మంది రిస్ట్రిక్టెడ్ ఆటగాళ్ల కాంట్రాక్టులు స్క్రిప్ట్ తీస్తుంది. డాలర్లలో కాదు, జీతాల పరిమితిలో శాతంగా. ఇది ముఖ్యం. 2023-24లో ఎన్‌హెచ్‌ఎల్ పరిమితి 83.5 మిలియన్, 2025-26లో 95.5 మిలియన్. స్వేమన్ 3.475 అంటే అప్పటి పరిమితిలో 4.16 శాతం. కొత్త పరిమితిలో అదే శాతం దాదాపు 3.97 మిలియన్ అవుతుంది. పాత డాలర్లతో పోలిస్తే ఆటగాడికి అర మిలియన్ బొక్క.

రెండోది, బేస్‌బాల్ నుంచి తెచ్చాం. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 1974 నుంచీ రెండు అంకెల్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి, మధ్యలో ఆగకూడదు. పోలికలు 3.4 అంటున్నాయనుకోండి. టీము 0.8 అంటే దూరం 2.6, ఆటగాడి 4.8కి దూరం 1.4. ఆటగాడు గెలుస్తాడు, టీము మొత్తం 4.8 కట్టాలి. అబద్ధానికి ఇప్పుడు ఖరీదు ఉంది. ఆ సీజన్ నుంచి కనీస జీతం ఆఫర్లు మాయం.

మూడోది, తప్పుకునే హక్కు. ఆటగాడే ఆర్బిట్రేషన్ కోరి, తీర్పు ఒక హద్దు దాటితే టీము వద్దనొచ్చు. అప్పుడతను స్వేచ్ఛగా వేరే టీముకి వెళ్తాడు. 2010లో షికాగోకి స్టాన్లీ కప్ గెలిపించిన గోలీ ఆంటీ నీమీకి 2.75 మిలియన్ తీర్పు వస్తే టీము తప్పుకుంది, అతను శాన్ హోసేకి వెళ్లిపోయాడు. 2013 ఒప్పందంలో ఆ హద్దుని 3.5 మిలియన్‌గా పెట్టి, సగటు జీతంతో పాటు పెరిగేలా చేశారు. టీమే ఆర్బిట్రేషన్‌కి వెళ్తే మాత్రం తప్పుకునే హక్కు లేదు. మేం ఇదీ యథాతథంగా పెట్టాం.

స్క్రిప్ట్‌కి తెలియనిది

ఒక్కటి మాత్రం కోడ్‌లో సులభంగా రాదు. విచారణలో టీము తన సొంత ఆటగాడే అంత గొప్పవాడు కాదని, అతని ఎదురుగానే వాదించాలి. ఆ అనుభవం తనకి నచ్చలేదని స్వేమన్ తర్వాత బహిరంగంగానే చెప్పాడు. 2024లో కొత్త కాంట్రాక్ట్ బేరం ప్రీసీజన్ మొత్తం సాగి, అక్టోబర్‌లో 8 ఏళ్లకి 66 మిలియన్‌తో తేలింది. సిమ్ ఆటగాడికి మనసు నొప్పి ఉండదు కాబట్టి మేనేజర్లు మొహమాటం లేకుండా పంచాయితీకి వెళ్తారు. అందుకే మేం ఒక చిన్న జరిమానా పెట్టాం: టీము అంకె ఓడిపోతే, తర్వాతి కాంట్రాక్ట్‌లో ఆ ఆటగాడి డిమాండ్ 10 శాతం పెరుగుతుంది.

ఫైనల్‌గా

మీరు లీగ్ మొదలుపెడుతుంటే సగటు లైను రాయకండి. పోలికలు శాతాల్లో తీయండి, ఏదో ఒక అంకే ఎంచుకోండి, తప్పుకునే దారి ఉంచండి. మా లీగ్ వదిలి వెళ్లిన ఇద్దరిలో ఒకరు ఈ సీజన్‌లో తిరిగొచ్చారు. నా స్క్రిప్ట్‌కి నేనిచ్చుకునే రేటింగ్ అదే.