ఎంత గెలిస్తే చాలు?

1989 సెప్టెంబరు 30వ తేదీన అమెరికా నడిబొడ్డునున్న కాన్సస్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు పండుగ చేసుకొన్నది. ఊరి పేరు మన్‌హటన్. ఆకాశహర్మ్యాలకు పేరుపడిన న్యూయార్కు మన్‌హటన్ కాదిది. పచ్చిక బయళ్ల మధ్య, ఒక విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించుకొని పెరిగిన పట్టణం. ఆనాడు కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు నార్త్ టెక్సస్ జట్టును 20-17 తేడాతో ఓడించింది. అభిమానులు వరదలా మైదానంలోకి దూకారు. చూసినవారెవరైనా ఆ జట్టు జాతీయ విజేత అయిందని భ్రమపడి ఉండేవారు.

వాస్తవానికి ఆ జట్టు గెలిచింది ఒకే ఒక్క ఆట. కాని 1986 అక్టోబరు తరువాత దానికదే మొదటి గెలుపు. నడుమ జరిగిన 30 ఆటల్లో 29 ఓటములు. ఒక్కటి సమంగా ముగిసింది. అగ్రశ్రేణి కళాశాల ఫుట్‌బాల్‌లో మొట్టమొదట 500 ఓటములు మూటగట్టుకొన్న జట్టు ఇదే. ఆ 1989లోనే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ వారపత్రిక ఈ విద్యాలయానికి నిష్ప్రయోజకత్వాన్నే బిరుదుగా తగిలించి ఒక పెద్ద వ్యాసం ప్రచురించింది.

అటువంటి చోట ఒక గెలుపు పండుగ అయింది. పదేళ్లు గడిచేసరికి అదే చోట 11 గెలుపులు కూడా కన్నీళ్లను ఆపలేకపోయాయి. మానవుని ఆశ ఎలా పెరుగుతుందో, పెరిగిన ఆశ అతని సంతోషాన్ని ఎలా హరిస్తుందో తెలుసుకొనదలచిన వారికి ఈ జట్టు చరిత్ర ఒక పాఠ్యగ్రంథం వంటిది.

కళాశాల ఆట కాదు, ఊరి పరువు

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకొని, అడ్డు వచ్చిన వారిని నెట్టుకుంటూ, నూరు గజాల మైదానంలో ముందుకు సాగే ఆట అది. జట్టుకు పదకొండుగురు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు గెలుచుకోవాలి. లేకుంటే బంతి ఎదుటివారి పాలవుతుంది.

కళాశాల విద్యార్థులు ఆడే ఆటకు యాభై వేలమంది, ఒక్కొక్కచోట లక్షమంది టిక్కెట్టు కొని రావడం మనకు వింతగా తోచవచ్చు. కాని వృత్తి క్రీడాకారుల జట్లు చాలావరకు మహానగరాలలోనే ఉంటాయి. చిన్న పట్టణాలవారికి, పల్లెల రైతులకు తమదని చెప్పుకోవడానికి ఉన్నది తమ రాష్ట్ర విశ్వవిద్యాలయపు జట్టే. అందులో చదివినవారూ, చదవనివారూ కూడా శరదృతువులో శనివారం వచ్చిందంటే ఆ రంగు దుస్తులు ధరిస్తారు. కాన్సస్ స్టేట్ రంగు ఊదా. తాత కొన్న సీటు తండ్రికి, తండ్రి సీటు బిడ్డకు సంక్రమించడం అక్కడ అసాధారణం కాదు.

తెలుగువారికి ఈ విద్యాలయం బొత్తిగా పరాయిది కాదు. 1964లో హైదరాబాదు శివార్లలోని రాజేంద్రనగర్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలసినప్పుడు, అమెరికా సహాయ పథకం కింద దాని నిర్మాణానికి తోడ్పడినది కాన్సస్ స్టేటే. వ్యవసాయ విద్యలో దాని పేరు ఖండాంతరాలు దాటింది. ఫుట్‌బాల్‌లో మాత్రం పొరుగువారే దానిని పరిహసించేవారు.

ఓపికకు ఫలితం

1988 చివర బిల్ స్నైడర్ అనే శిక్షకుడు ఈ జట్టు బాధ్యత స్వీకరించాడు. అప్పటికి ఆయన అయోవా విశ్వవిద్యాలయంలో సహాయ శిక్షకుడు. అంతకుముందు వరుసగా రెండేళ్లపాటు ఒక్క ఆటయినా గెలవని జట్టుకు వస్తూ, కళాశాల ఫుట్‌బాల్‌లో అతి గొప్ప పరివర్తనకు అవకాశం ఇక్కడే ఉన్నదని ఆయన అన్నప్పుడు నమ్మినవారు తక్కువ.

పేరుమోసిన ఆటగాళ్లు ఎలాగూ రారని ఆయనకు తెలుసు. అందుచేత రెండేళ్ల చిన్న కళాశాలలలో రాణించినవారిని, విద్యార్థి వేతనం లేకున్నా ఆడతామని వచ్చిన స్థానిక యువకులను చేరదీశాడు. పదహారు లక్ష్యాలు రాసి వారి ముందుంచాడు. వాటిలో గెలుపు అన్న మాటకంటె నిబద్ధత, ఐక్యత, నిలకడ వంటి మాటలే ప్రధానం. తమ సమాఖ్య వెలుపలి ఆటలకు బలహీనమైన ప్రత్యర్థులను ఎంచుకొంటున్నాడని విమర్శ వచ్చినా లక్ష్యపెట్టలేదు. ఓటమికి అలవాటుపడిన పిల్లలకు గెలుపు రుచి చూపడం అవసరమని ఆయన ఎరుగును.

మొదటి సంవత్సరం ఒక గెలుపు, 10 ఓటములు. 1990లో 5 గెలుపులు. 1991లో 7. 1993లో 9 ఆటలు గెలిచి, సీజన్ చివర మంచి జట్లకు ఆహ్వానపూర్వకంగా నిర్వహించే ‘బౌల్’ పోటీలలో ఒకటైన కాపర్ బౌల్‌లో వ్యోమింగ్‌పై నెగ్గింది. దాని చరిత్రలో మొదటి బౌల్ విజయమదే. ఆ ఏటి నుండి 2003 వరకు వరుసగా పదకొండేళ్లు ఆ ఆహ్వానం తప్పలేదు.

ప్రతి మెట్టువద్దా అభిమాని కోరిక కూడా ఒక మెట్టు ఎక్కింది. ఒక్క గెలుపు చాలునన్నవాడు గెలుపోటములు సమమైతే చాలునన్నాడు. తరువాత బౌల్ ఆహ్వానం కావాలన్నాడు. ఆ పిమ్మట ఏ బౌల్ అని అడగసాగాడు.

శిఖరం అంచున

1998లో కాన్సస్ స్టేట్ 11 ఆటలు ఆడి పదకొండూ గెలిచింది. వరుసగా 29 సార్లు తనను ఓడించిన నెబ్రాస్కాను 40-30తో ఓడించింది. శిక్షకుల ఓటింగులో దేశంలోనే ప్రథమ స్థానం పొందింది. డిసెంబరు 5న సెయింట్ లూయిస్ నగరంలో టెక్సస్ ఏ అండ్ ఎం జట్టుతో బిగ్ ట్వెల్వ్ సమాఖ్య తుది పోటీ. ఆనాడే మరొక అగ్రజట్టు యు.సి.ఎల్.ఏ. ఓడిపోయింది. ఇక ఈ ఒక్క ఆట గెలిస్తే జాతీయ టైటిల్ కోసం పోరాడే అవకాశం ఖాయం.

చివరి పాదం ఆరంభమయ్యేనాటికి స్కోరు 27-12. ఆధిక్యం కాన్సస్ స్టేట్‌దే. కాని ప్రత్యర్థి అందుకొన్నది. రెండవ అదనపు వ్యవధిలో 36-33తో గెలిచింది. దెబ్బమీద దెబ్బగా పెద్ద బౌల్ పోటీలేవీ కాన్సస్ స్టేట్‌ను ఆహ్వానించలేదు. దేశంలో మూడవ స్థానంలో ఉన్న జట్టుకు అన్యాయం జరిగిందని గుర్తించి, అటువంటి జట్టుకు చోటు దక్కేలా తరువాత నిబంధన మార్చారు; దానికి కాన్సస్ స్టేట్ నిబంధన అనే పేరు నిలిచింది. పేరు మిగిలింది, పోయిన అవకాశం తిరిగి రాలేదు.

అనంతర కథ మరింత బోధప్రదమైనది. 2003లో ప్రథమస్థానంలో ఉన్న ఓక్లహోమాను 35-7తో చిత్తుచేసి సమాఖ్య టైటిల్ గెలిచిన జట్టు, మరుసటి ఏడే 4 గెలుపులకు దిగజారింది. 2005లో స్నైడర్ విరమించుకొన్నాడు. తరువాత వచ్చిన శిక్షకుడు మూడేళ్లలో 17 గెలిచి 20 ఓడాడు. 2007, 2008లలో ఐదేసి ఆటలు గెలిచాడు. ఆయనను తొలగించారు. 1990లో పునరుజ్జీవనానికి చిహ్నమైన ఐదు గెలుపులే 2008లో ఉద్వాసనకు కారణమయ్యాయి. అంకె మారలేదు, చూసే కన్ను మారింది.

ఇంకా మంచివాడు కావాలి!

మధ్యశ్రేణి జట్లకు ఎదురయ్యే పెద్ద ప్రలోభమేమంటే, ఉన్న శిక్షకుణ్ణి తొలగిస్తే తప్పక మంచివాడు దొరుకుతాడనే నమ్మకం. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గ్లెన్ మేసన్ పదేళ్లలో ఏడు బౌల్ పోటీలకు జట్టును నడిపించాడు. 2006 చివర ఇన్‌సైట్ బౌల్‌లో 38-7 ఆధిక్యంలో ఉండి కూడా టెక్సస్ టెక్ చేతిలో 44-41తో ఓడిపోయాడు. కొద్ది రోజులకే ఉద్యోగం పోయింది. కొత్త శిక్షకుని మొదటి ఏడు ఫలితం: ఒక గెలుపు, 11 ఓటములు.

ఒకనాటి అగ్రజట్టు నెబ్రాస్కా కథ మరీ విచిత్రం. 2003లో 9 గెలిచి 3 ఓడిన ఫ్రాంక్ సోలిచ్‌ను, జట్టు మామూలు స్థాయికి జారిపోరాదని చెప్పి తొలగించారు. మరుసటి ఏడు అది 5 గెలిచి 6 ఓడింది. 1961 తరువాత ఓటములు గెలుపులను మించడం అదే ప్రథమం. 2014లో బో పెలీనీని తొలగించారు. ఆయన ఏడేళ్లలో ఏ ఏడూ తొమ్మిదికి తక్కువ గెలవలేదు. తరువాతి శిక్షకుడు మూడేళ్లలో 19 గెలిచి 19 ఓడాడు. ఆపై వచ్చినవాడు 16 గెలిచి 31 ఓడాడు. తొమ్మిది చాలదన్న అభిమానులకు తొమ్మిది కలలో మాట అయింది.

శిక్షకుణ్ణి మార్చడం ఎల్లప్పుడూ తప్పని దీని అర్థం కాదు. మార్చకుంటే స్నైడర్ వచ్చేవాడే కాదు. కాని అట్టడుగునున్న జట్టుకు మార్పువల్ల పోయేదేమీ లేదు. నడిమెట్టుపై నిలిచిన జట్టుకు ఎక్కడానికెన్ని మెట్లున్నాయో జారడానికీ అన్ని ఉన్నాయి.

లెక్క, మనసు

ఫుట్‌బాల్‌లో ఒక కఠోర సత్యమున్నది. ఒక జట్టు గెలవాలంటే ఇంకొకటి ఓడక తప్పదు. సమాఖ్యలోని జట్లు పరస్పరం ఆడే ఆటలన్నీ కూడితే గెలుపులు సగం, ఓటములు సగం. ప్రతి ఊరి అభిమానీ తన జట్టు ఎనిమిది ఆటలు గెలవాలంటే ఆ లెక్క ఏ గణితశాస్త్రజ్ఞుడూ పూర్తి చేయలేడు.

అయినా మనసు లెక్కకు లొంగదు. మనిషి ఫలితాలను తుది స్థితినిబట్టి కాక ఒక ప్రమాణ స్థితినుండి లాభనష్టాలుగా కొలుస్తాడనీ, ఆ ప్రమాణం సాధారణంగా ఉన్న స్థితే అయినా ఒక్కొక్కప్పుడు తాను ఊహించుకొన్న స్థితి కావచ్చుననీ, సమానమైన లాభం ఇచ్చే సుఖంకంటె నష్టం కలిగించే బాధే ఎక్కువనీ డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వశాస్త్రవేత్తలు 1979లో ప్రతిపాదించారు. క్రీడాభిమాని హృదయానికి ఇంతకంటె చక్కని వ్యాఖ్య లేదు.

ఇది నవ్వి ఊరుకోదగిన విషయమూ కాదు. డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధనలో, వృత్తి ఫుట్‌బాల్ జట్లు ఓడిన రోజుల పోలీసు రికార్డులను పరిశీలించారు. గెలుస్తుందని అందరూ అనుకొన్న స్థానిక జట్టు ఓడినప్పుడు ఇళ్లలో స్త్రీలపై పురుషుల దౌర్జన్యం సుమారు 10 శాతం పెరిగింది. ఓడుతుందని ముందే తెలిసిన జట్టు ఓడినప్పుడు ఆ పెరుగుదల లేదు. అంటే మనిషిని రెచ్చగొట్టినది ఓటమి కాదు, భగ్నమైన ఆశ. మైదానంలో ఎవరో జారవిడిచిన బంతికి, ఆ ఆట చూడనైనా చూడని ఇల్లాలు మూల్యం చెల్లిస్తున్నది.

కొత్త కాలం, కొత్త ఆశలు

ఇటీవలి మార్పులు ఆశకు మరింత ఆజ్యం పోశాయి. 2021 నుండి కళాశాల క్రీడాకారులు తమ పేరు ప్రతిష్ఠలతో ధనమార్జించడానికి అనుమతి లభించింది. 2025 నుండి విశ్వవిద్యాలయాలే వారికి నేరుగా చెల్లించవచ్చు. మొదటి ఏటికి ఒక్కొక్క విద్యాలయానికి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. జాతీయ టైటిల్ పోటీకి పూర్వం నాలుగు జట్లనే ఎంపిక చేసేవారు. 2024లో ఆ సంఖ్య పన్నెండయింది. ఆ ఏడు బిగ్ ట్వెల్వ్‌లో అందరికంటె వెనుకబడుతుందని జోస్యం చెప్పించుకొన్న అరిజోనా స్టేట్, టైటిల్ గెలిచి ఆ పన్నెండింటిలో ఒకటయింది.

కాబట్టి నడితరగతి జట్టు అభిమాని నేడు కలలు కనడం అవివేకమని ఎవరూ అనలేరు. కాని ఆ కలకు ఖరీదు చెల్లించమని విరాళాల కోసం చేయి చాచేది కూడా అతని ముందే. డబ్బిచ్చినవాడు అభిమానిగా మిగలడం కష్టం, మదుపుదారు అవుతాడు. అభిమాని ఓటమిని సహిస్తాడు. మదుపుదారు లెక్క అడుగుతాడు.

న్యాయమైన వాటా

మరి ఎంత గెలిస్తే చాలు? కాన్సస్ స్టేట్ చరిత్రే ఒక కొలత ఇస్తున్నది. బిగ్ ట్వెల్వ్ సమాఖ్య 1996లో ఆట ప్రారంభించింది. మొదటి 15 ఏళ్లు అందులో 12 జట్లు, తరువాతి 12 ఏళ్లు 10 జట్లు. అందరికీ సమానంగా పంచితే 2022 వరకు ఒక్కొక్క జట్టుకు దక్కవలసినవి సుమారు రెండున్నర టైటిళ్లు. కాన్సస్ స్టేట్‌కు దక్కినవి మూడు: 2003లో ఒకటి, విరమణ మాని 2009లో తిరిగి వచ్చిన స్నైడర్ నాయకత్వాన 2012లో ఓక్లహోమాతో ఉమ్మడిగా ఒకటి, క్రిస్ క్లైమన్ శిక్షణలో, అంతవరకు ఓటమెరుగని టి.సి.యు. జట్టును అదనపు వ్యవధిలో 31-28తో ఓడించి 2022లో ఒకటి. అంటే ఒకనాడు దేశం నవ్విన ఈ జట్టుకు న్యాయంగా రావలసిన దానికంటె కొంచెం ఎక్కువే వచ్చింది. కాని నిండు జీవితంలో అటువంటి శనివారాలు వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే.

స్నైడర్ 2018లో 215 విజయాలతో శాశ్వతంగా విరమించాడు. క్రీడాంగణానికి ఆయన పేరు పెట్టదలచినప్పుడు తన పేరొక్కటే వద్దన్నాడు. అందుచేత అది ‘బిల్ స్నైడర్ ఫ్యామిలీ’ స్టేడియం అయింది. కుటుంబమంటే తన ఇంటివారు మాత్రమే కాదని, ఆ మెట్లపై కూర్చునే వేలాది కుటుంబాలు కూడానని ఆయన ఉద్దేశం.

బహుశా అభిమాని ప్రశ్నకు సమాధానం కూడా అందులోనే ఉన్నది. కుటుంబంలో బిడ్డ ప్రతి పరీక్షలో మొదటివాడుగా రావాలని కోరుకొంటాము. రాలేదని ఇల్లు మార్చము. కష్టపడ్డాడా లేదా అని అడిగే హక్కు మనకున్నది. ఎల్లప్పుడూ గెలిచి తీరాలని శాసించే హక్కు మాత్రం ఏ టిక్కెట్టుతోనూ రాదు.